బాయి నీళ్లా, మోరి నీళ్లా?

ఇచ్చోడ అంగడిలో పాలకూర కట్ట చేతిలోకి తీసుకున్నప్పుడు మనం ఆకు తాజాగా ఉందా, పురుగు పట్టిందా అని చూస్తాం. బేరమాడి ఇంకో కట్ట కొసరమంటాం. అది ఏ నీటితో పెరిగిందని మాత్రం అడగం. అసలు అడగవలసిన ప్రశ్న అదేనని మేము భావిస్తున్నాం.

సీసం, కాడ్మియం, క్రోమియం వంటి వాటిని భార లోహాలంటారు. పురుగుమందు కొంతకాలానికి విరిగిపోవచ్చు. లోహం మాత్రం కుళ్ళదు, మండదు, ఉడికించినా పోదు. మట్టిలో చేరితే తరాలపాటు నిలిచి ఉంటుంది. వేళ్ల ద్వారా కూరల్లోకి, ముఖ్యంగా ఆకుకూరల్లోకి ఎక్కుతుంది. కాడ్మియం మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. సీసం పసిపిల్లల మెదడు ఎదుగుదలను కుంటుపరుస్తుంది. అందుకే కిలో ఆకుకూరలో సీసం 0.3 మిల్లీగ్రాములు, కాడ్మియం 0.2 మిల్లీగ్రాములు మించరాదని అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు చెబుతున్నాయి.

జపాన్‌లోని తొయామాలో గని నుంచి వచ్చిన కాడ్మియం జింజు నది ద్వారా వరిపొలాలకు చేరింది. అది తిన్నవారి ఎముకలు గుల్లబారి విరిగాయి. ఆ వ్యాధికి కాడ్మియమే కారణమని అక్కడి ప్రభుత్వం 1968లో ఒప్పుకుంది.

అంత దూరం పోనక్కరలేదు. మన పటాన్‌చెరులో కర్మాగారాల వ్యర్థజలం నక్కవాగులో కలిసి పొలాలను పాడుచేసింది. 1990లో ఆ గోడు సుప్రీంకోర్టుకెక్కింది. స్థానిక వైద్యుడు డాక్టర్ కిషన్‌రావు ఏళ్ల తరబడి పోరాడారు. అక్కడి మట్టిలో ఆర్సెనిక్, క్రోమియం వంటివి అధికంగా ఉన్నట్లు జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు 2001లో వెల్లడించారు.

ఇచ్చోడ పటాన్‌చెరు కాదు. ఇది పత్తి, సోయా పండే నల్లరేగడి. అందులోని బంకమన్ను లోహాన్ని పట్టి ఉంచి, వేరుకు తేలిగ్గా వదలదు. అలాగని ధీమా పనికిరాదు. పట్టి ఉంచే నేల పోగు కూడా చేస్తుంది. సీసం కలిపిన పెట్రోలు అమ్మకం దేశంలో 2000లో గాని ఆగలేదు. నాగపూర్ రహదారి పక్క పొలాల రైతులు ఇది గుర్తుంచుకోవాలి. 2015లో మొదలైన భూసార కార్డు పరీక్షలో 12 అంశాలున్నా, వాటిలో సీసం, కాడ్మియం లేవు. అనుమానమున్నవారు వాటికి విడిగా పరీక్ష కోరాలి.

మనం చేయగలిగిందీ ఉంది. పాత బ్యాటరీలు, ట్యూబులైట్లు, రంగు డబ్బాలు పెంటకుప్పలో వేయరాదు. మోరి నీటిని కూరమడులకు పారించరాదు. ఆకుకూరలను బాగా కడిగితే పైనున్న దుమ్ము పోతుంది గాని, లోపలికెక్కిన లోహం పోదు. పశువుల ఎరువు బాగా వేస్తే మట్టి లోహాన్ని మరింత గట్టిగా పట్టి ఉంచుతుంది.

హలాల్‌తో పాటు తయ్యిబ్ అన్న మాట మనకు కొత్త కాదు. కష్టార్జితంతో కొన్న కూర పరిశుభ్రంగానూ ఉండాలి కదా! ఈసారి అంగడిలో ధరకంటే ముందు అడుగుదాం: “అన్నా, ఇది బాయి నీళ్లదా, మోరి నీళ్లదా?”