బరువు తగ్గించే సూదులు, బలానికి విటమిన్లు: అపోహలు – వాస్తవాలు

2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ మన దేశంలో అమ్మకానికి వచ్చాయి. బరువు తగ్గించే ఈ సూదుల మీద ఆశలతోపాటు అపోహలూ పెరిగాయి. ఇక విటమిన్ బిళ్లల మీద పాత నమ్మకాలు సరేసరి. రెండూ మందులే. మోతాదు తప్పితే రెండింటితోనూ ముప్పే.

అపోహ: వారానికో సూది చాలు, తిండి సంగతి పట్టించుకోనక్కర్లేదు.

వాస్తవం: ఈ మందులు ఆకలిని తగ్గిస్తాయి, కడుపులోని ఆహారం త్వరగా కిందికి జారకుండా చేస్తాయి. నాలుగు ముద్దలకే పొట్ట నిండినట్టుంటుంది. వికారం, వాంతులు, విరేచనాలు, మలబద్ధకం ఎక్కువగా మొదట్లోనూ, మోతాదు పెంచినప్పుడూ వస్తాయి. అందుకే వెగోవీని 0.25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. కొవ్వుతోపాటు కండ కూడా కరుగుతుంది కాబట్టి ఆ తినే కాస్తలోనే పప్పు, గుడ్డు, చేప, పెరుగు తప్పనిసరి.

అపోహ: వికారం తప్ప వేరే ప్రమాదం లేదు.

వాస్తవం: కొందరికి పిత్తాశయంలో రాళ్లు, అరుదుగా క్లోమగ్రంథి వాపు వస్తాయి. పొట్ట పైభాగంలో మొదలైన తీవ్రమైన నొప్పి వీపులోకి పాకుతుంటే గ్యాస్ బిళ్లతో సరిపెట్టుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. గర్భిణులు, కుటుంబంలో మెడ్యులరీ థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నవారు వీటిని వాడకూడదు.

అపోహ: ఒకసారి తగ్గితే ఇక పెరగరు.

వాస్తవం: వెగోవీలోని సెమాగ్లూటైడ్‌ మీద జరిగిన ఒక పెద్ద అధ్యయనంలో 68 వారాల్లో సగటున 15 శాతం దాకా బరువు తగ్గింది. మందు ఆపిన ఏడాదికి అందులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చేసింది.

అపోహ: విటమిన్లు ఎక్కువైతే మూత్రంలో పోతాయి.

వాస్తవం: ఎ, డి, ఇ, కె విటమిన్లు కొవ్వులో కరుగుతాయి. ఎక్కువైన ఎ, డి లాంటివి ఒంట్లోనే పేరుకుంటాయి. సాధారణంగా వారానికొకటి రాసే 60,000 యూనిట్ల డి3 గుళికను పొరపాటున రోజూ వేసుకుంటూ పోతే రక్తంలో కాల్షియం పెరిగి దాహం, వాంతులు మొదలవుతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. నీటిలో కరిగే బి6 కూడా పెద్ద మోతాదులో చాలాకాలం వాడితే నరాలు దెబ్బతిని కాళ్లూచేతులూ మొద్దుబారతాయి.

అపోహ: యాంటీఆక్సిడెంట్ బిళ్లలు క్యాన్సర్ రాకుండా కాపాడతాయి.

వాస్తవం: ఫిన్లాండ్‌లో 29 వేలమందికి పైగా పొగతాగే పురుషులతో చేసిన పరీక్షలో, బీటా కెరోటిన్ అనే యాంటీఆక్సిడెంట్ తీసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా కనిపించింది. ఫలితాలు 1994లో వెలువడ్డాయి.

అపోహ: జుట్టుకు వాడే బయోటిన్ విటమిన్ గురించి డాక్టరుకు చెప్పనక్కర్లేదు.

వాస్తవం: చెప్పి తీరాలి. అది థైరాయిడ్ పరీక్షల ఫలితాలను తారుమారు చేయగలదు. గుండెపోటును పట్టిచ్చే ట్రోపోనిన్‌ను ఉన్నదానికంటే తక్కువ చూపించవచ్చు. అలా ఫలితం తప్పుగా తక్కువ వచ్చిన ఒక రోగి మరణించినట్టు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లో హెచ్చరించింది. రక్తపరీక్షకు ఎన్ని రోజుల ముందు బయోటిన్ ఆపాలో డాక్టరునే అడగాలి.