లండనులో చూచిన గ్రీకు శిల్పములు

నేను లండను నగరమునకు పోయినపుడు బ్రిటిషు మ్యూజియమునందు గ్రీకుల ప్రాచీన శిల్పములను చూచితిని. అవి ఏథెన్సు నగరమున కొండకోటపై నున్న పార్థెనాను అను దేవాలయమునుండి వచ్చినవి. క్రీస్తునకు పూర్వము 447లో ప్రారంభించి 432 నాటికి ముగించిన ఆ యాలయము ఆ పట్టణపు అధిదేవతయైన ఎథీనాదేవిది. శిల్పకార్యమునకు ఫిడియాసు అను ఆచార్యుడు పెద్ద.

ఆలయపు గోడల పైభాగమున చుట్టును, సుమారు 524 అడుగుల పొడవున, దేవి యుత్సవపు ఊరేగింపును చలువరాతిపై చెక్కిరి. తిరునాళ్ళ నెరిగిన మనకు ఆ దృశ్యములు క్రొత్తగా తోచవు. గుఱ్ఱపురౌతులు, రథములు, బలికి నడచు పశువులు వరుసగా కనబడును. ఒక పెయ్య మోరయెత్తి అఱచుచున్నది. రాయి యని యెఱిగియు నేనా యఱపునకు చెవియొగ్గితిని.

చెక్కడపు లోతు రెండు మూడంగుళములకు మించదు. అయినను అంతలోనే పలువురు రౌతులు ఒకరి వెనుక నొకరు పోవుచున్నట్లు తోచును. ఈ శిల్పము నేలకు సుమారు 40 అడుగుల యెత్తున నుండెడిది. క్రిందినుండి చూచువారికి స్పష్టముగా కనబడుటకై పైభాగమును మఱింత లోతుగా చెక్కిరి. కళ్ళెములను లోహముతో చేసి బిగించిరి. ఇప్పుడు వాని రంధ్రములే మిగిలినవి. నేడు తెల్లగా కనబడు ఈ రాళ్ళకు నాడు రంగులు పూసియుండిరి.

ఇట్టి పని యెట్లు చెదరినది? 1687లో ఏథెన్సు తురుష్కుల యధీనమున నుండెను. వారు ఆలయమున తుపాకిమందు నిలువచేసిరి. వెనీసువారి ఫిరంగిగుండు దానిపై పడి కట్టడము నడుమ బ్రద్దలైనది. పిమ్మట 1801 మొదలుకొని, తురుష్క సుల్తానునొద్ద ఆంగ్లేయుల రాయబారిగా వచ్చిన ఎల్గిను ప్రభువు పెక్కు శిల్పములను ఊడదీయించి యింగ్లండునకు పంపెను. 1816లో ఆంగ్లప్రభుత్వము వానిని కొనెను. ఇప్పుడు ఆ యూరేగింపులో సుమారు 247 అడుగుల భాగము లండనునందున్నది; మిగిలినదానిలో పెద్దభాగము ఏథెన్సున నున్నది. తమ శిల్పములను తమకిమ్మని గ్రీకులు కోరుచున్నారు.

ఆ భవనముననే మఱియొక గదిలో మన అమరావతి స్తూపపు శిల్పములను చూచి నా మనస్సు కలతపడినది. 1845లో వాల్టరు ఎలియట్టు త్రవ్వించిన రాళ్ళు 1859లో లండనునకు పంపబడినవి. అంతకు ముందే ఆ స్తూపపు రాళ్ళు కొన్ని కట్టడములలో చేరినవి; కొన్ని సున్నమునకు కాలినవి. గ్రీకుల యాలయమును యుద్ధము చెఱచినది. మన స్తూపమును చాలవరకు అశ్రద్ధయే చెఱచినది.

మీ పొలముగట్లపైనను, చెఱువుకట్టలపైనను చెక్కిన పాతరాళ్ళు ఉండవచ్చును. వానిని పగులగొట్టనీయకుడు. ఉన్నచోటనే యుంచి పురావస్తు శాఖవారికి తెలియజేయుడు. ఊరివారు మీ మాట విందురు గనుక ఈ భారము మీదే.