వైద్యశాలలో గాయముల మాటలు

మన మంగళవాడ ప్రాంతమున ఇంట మాటలాడునది తెలుగు; కచ్చేరీలలో నడచునది కన్నడము; వైద్యుల చీటీలలో నుండునది ఆంగ్లము. దెబ్బ తగిలిన బిడ్డను వైద్యశాలకు గొనిపోయినపుడు మాట తడబడినచో చికిత్సయు ఆలస్యము కావచ్చును. కావున తల్లిదండ్రులకు కొన్ని పదములను వివరించుచున్నాము.

గాయము రెండు భాషలలోను గాయమే. మన పుండు కన్నడమున 'హుణ్ణు', చీము 'కీవు', కుట్లు 'హొలిగె'. 'గడ్డ' యను మాటతో మాత్రము జాగరూకత వలయును. కన్నడమున అది ముఖమున పెరుగు గడ్డము! చీముగడ్డను 'కురు' అని చెప్పవలెను.

ఆంగ్లమున 'డ్రెస్సింగు' అనగా గాయమును శుభ్రపరచి, మందు వేసి, కట్టు కట్టుట. 'సూచర్' అనగా కుట్టు. 'ఆబ్సెస్' అనగా చీము చేరిన గడ్డ; దానిని కోసి చీమును వెడలించుట 'డ్రైనేజి'. గాయమున సూక్ష్మజీవులు చేరి చీము పట్టినచో 'సెప్టిక్' అయినదందురు.

'టి.టి.', 'టి.డి.' అనునవి ధనుర్వాతమును నివారించు టీకాలు. ఈ వ్యాధిని కలిగించు సూక్ష్మజీవులు మట్టిలోను, పేడలోను ఉండును. చేనిలో గ్రుచ్చుకొనిన తుమ్మముల్లు చాలును, అవి శరీరమున ప్రవేశించుటకు. అందుచే గాయముపై మట్టి, పేడ, కాఫీపొడి అద్దరాదు; శుభ్రమైన నీటితో, సబ్బుతో కడుగవలెను.

వైద్యునికి మూడు సంగతులు తప్పక తెలుపుడు: గాయము ఎప్పుడు తగిలినది, దేనివలన తగిలినది, కడపటి టీకా ఎన్నడు వేయించినది.