పది మీటర్ల తాడు

భిలాయ్ టౌన్‌షిప్‌లో కుక్కను తిప్పడానికి చోటుకు కొదవ లేదు. 1955లో ఉక్కు కర్మాగారం కోసం సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరిలో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిన ఊరు ఇది. ఉక్కు కార్మికుల కోసం వెలసిన సెక్టార్లలో వెడల్పాటి రోడ్లు, వరస చెట్లు, క్వార్టర్ల మధ్య మైదానాలు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పనికోసం వచ్చిన ఎన్నో తెలుగు కుటుంబాలకు ఇప్పుడు ఇదే సొంతూరు. కుక్కకు పొడవాటి తాడు కట్టి తిప్పాలంటే ఆ మైదానాలు భేషైన చోటు. సెంట్రల్ అవెన్యూ లాంటి రోడ్డు మీద మాత్రం అదే తాడు ప్రమాదం.

ఎప్పుడూ పొట్టి గొలుసుతోనే తిరిగే కుక్కకు దూరం నుంచి పిలిస్తే రావడం అలవాటు కాదు. అలాగని ఒక్కసారిగా విప్పేస్తే చేతికి దొరకదు. ఈ మధ్య దశకే ఐదు, పది, పదిహేను మీటర్ల తాడు. పెట్టెలోంచి సన్నటి దారం సాగే లీష్ ఇందుకు పనికిరాదు. అది ఎప్పుడూ కాస్త బిగువుగానే ఉంటుంది, కుక్కకు లాగడమే నేర్పుతుంది.

అసలు జాగ్రత్త ఇక్కడ కావాలి. పాతిక కిలోల కుక్క ఉడతను చూసి పరుగు తీస్తే, తాడు చివరికొచ్చేసరికి మంచి వేగం మీద ఉంటుంది. తాడు మెడపట్టీకి కట్టి ఉంటే ఆ కుదుపంతా గొంతు మీద, మెడ ఎముకల మీద పడుతుంది. అందుకే ఛాతీని చుట్టుకునే హార్నెస్ వేసి, వీపు మీది రింగుకే తగిలించాలి. ఇటు మన వేళ్ల సంగతీ చూసుకోవాలి. నూతిలో నీళ్లు తోడినవాళ్లు చేంతాడును చేతికి చుట్టుకోరు. కుక్క తాడూ అంతే. మణికట్టుకు చుట్టినా, వేళ్ల సందుల్లో మెలేసినా ఎముక విరగొచ్చు. మిగిలిన తాడును వదులు మడతలుగా అరచేతిలో పట్టుకోవాలి, కింద పడిన చుట్టల్లో కాలు పెట్టకూడదు. నైలాన్ తాడు జారితే చర్మం కాలినట్టు ఒరుసుకుపోతుంది కాబట్టి గ్లౌజులు తప్పనిసరి. కుక్క పరుగందుకుంటే తాడు పూర్తయ్యేదాకా నిలబడి చూడొద్దు. మనమూ రెండడుగులు అటే వేస్తూ మెల్లగా పట్టు బిగించాలి.

షిఫ్టు మారే వేళ సైకిళ్లు, స్కూటర్లు ఒక్కసారిగా రోడ్డెక్కుతాయి. మసక వెలుతురులో అడ్డంగా సాగిన తాడు నడిపేవాళ్ల కంటికి ఆనదు. మైదానం దాటే ముందే దాన్ని మీటరున్నరకు కుదించాలి. పెంపుడు జంతువు వల్ల మనుషులకు హాని జరగకుండా చూడటంలో నిర్లక్ష్యం చేస్తే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

వీధి కుక్కలు ఎదురైనా తాడు కుదించాల్సిందే. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం సంతాన నియంత్రణ ఆపరేషన్, టీకా అయ్యాక వాటిని పట్టుకున్న చోటే వదలాలి. అంటే రేపూ ఆ వీధిలోనే ఉంటాయి. దూరం నుంచి కనబడగానే దారి మళ్లించడం మేలు. రెండు కుక్కల కాళ్ల మధ్య పొడవాటి తాడు మెలిపడితే విడదీయబోయిన మనిషికే కాట్లు పడతాయి. మన కుక్కకు రేబిస్ టీకా గడువు దాటకుండా చూసుకోవాలి. ఎవరికైనా కాటు పడితే గాయాన్ని సబ్బుతో పావుగంట ధారగా కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

తాడు పట్టి గుంజుకురావడం మాత్రం పిలుపు కాదు. పేరు పెట్టి పిలవండి. రాగానే ఒక బిస్కెట్ ముక్క పెట్టి, మళ్లీ వదలండి. వచ్చిన ప్రతిసారీ ఇంటికి లాక్కుపోతే, పిలుపు వినబడగానే ఎదురు దిక్కుకు పరిగెత్తడం నేర్చుకుంటుంది.