డిజైన్ చదువులో చేతిపనితో పాటు మాట కూడా ముఖ్యమే

డిజైన్ కోర్సులో బొమ్మ బాగా గీస్తే సరిపోదు. 'ఇలా ఎందుకు చేశావు?' అని టీచర్, తోటి విద్యార్థులు అడుగుతారు. జవాబు చెప్పాలి. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు, కాలేజీలో ఇంగ్లీష్. దీంతో పనితనం ఉన్న పిల్లలు కూడా నోరు విప్పలేక వెనకబడిపోతారు. ఇక్కడ టెక్నాలజీ సాయపడుతుంది.

2007లో జీఐ గుర్తింపు పొందిన కరీంనగర్ వెండి ఫిలిగ్రీనే తీసుకోండి. సన్నని వెండి తీగలను మెలిపెట్టి, అతికి పాందాన్లు, అత్తర్‌దాన్లు చేస్తారు. ఆ అతుకులు క్లాసులో అందరికీ ఒకేసారి కనిపించవు. ఫోన్ కెమెరాను ప్రొజెక్టర్‌కు కలిపితే గోడ మీద పెద్దగా కనిపిస్తాయి. 'మూత ఎత్తాలంటే వేలు ఎక్కడ పెట్టాలి?' లాంటి ప్రశ్నతో చర్చ మొదలవుతుంది.

ఆదిలాబాద్ డోక్రాకు 2018లో జీఐ వచ్చింది. మైనం నమూనాపై మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగిపోయిన ఖాళీలో కరిగించిన ఇత్తడి పోస్తారు. మట్టి లోపల జరిగేది కంటికి కనిపించదు. వీడియోను దశల వారీగా ఆపి 'తర్వాత ఏమవుతుంది?' అని అడగాలి. ఆపకుండా వేస్తే సినిమా చూసినట్టే.

మొహమాటపడే పిల్లలు తమ అభిప్రాయాన్ని ముందుగా ఉర్దూలోనో తెలుగులోనో ఫోన్‌లో రికార్డు చేసుకోవచ్చు, లేదా పేరు లేకుండా స్క్రీన్‌పై రాయొచ్చు. అయితే అక్కడితో ఆగకూడదు. దాని మీద టీచర్ క్లాసులో మాట్లాడించాలి.

తల్లిదండ్రులూ ఓ పని చేయొచ్చు. బిడ్డ గీసింది చూపిస్తే 'బాగుంది' అని వదిలేయకుండా, 'క్యోం?' అని అడగండి. క్లాసులో అడిగేదీ అదే.