అద్దె తగ్గింది... గాజులు తాకట్టుకెళ్లాయి!

'అద్దె ఐదున్నర వేలు తగ్గుతుంది. ఇంకేం ఆలోచిస్తావు?' అన్నారు మావారు.

నిజమే, ఆలోచించాల్సిందేముంది? దిల్‌సుఖ్‌నగర్‌లో రెండో అంతస్తులో నెలకు 14,000 కడుతున్నాం. ఆయన ఉద్యోగం ఆదిభట్ల వైపు మారింది. అబ్బాయికి ఇంజినీరింగ్ సీటు ఇబ్రహీంపట్నం దగ్గరి కాలేజీలో వచ్చింది. ఇబ్రహీంపట్నంలో రెండు గదులు, హాలు, వంటిల్లు ఉన్న ఇల్లు 8,500కే దొరికింది. కింది వాటా, ముందు కాస్త ఖాళీ స్థలం, సాయంత్రం నడిచి వెళ్తే పెద్దచెరువు గాలి. గోల్కొండ ఏలిన ఇబ్రహీం కుతుబ్‌షా కాలం నాటి చెరువట. ఇంతకన్నా ఏం కావాలి అనిపించింది.

మావారు కాగితం మీద లెక్క కూడా వేసి చూపించారు. డీసీఎం 6,000, హమాలీలకు 2,000, మొత్తం 8,000. కొత్తింటికి రెండు నెలల అడ్వాన్సు 17,000. పాత ఇంటివాళ్ల దగ్గరున్న మన అడ్వాన్సు 28,000 ఎలాగూ తిరిగి వస్తుంది. ఇంకా మనకే 3,000 మిగులుతాయి! నేనూ తలూపాను. ఇన్నేళ్లుగా ఇల్లు నడుపుతున్నదాన్ని, ఆ కాగితంలో ఏం లేదో మాత్రం చూసుకోలేకపోయాను.

ముందురోజు దెబ్బ

ఇది 2024 శ్రావణం నాటి మాట. ఆషాఢంలో ఇల్లు మారకూడదని ఆగాం. మాలాగే ఊరంతా ఆగింది. శ్రావణం రాగానే అందరూ ఒకేసారి సామాన్లు కట్టారు. అందులో మేం ఎంచుకున్నది ఆగస్టు 25, ఆదివారం. 6,000 అన్న డీసీఎం అతను 'ఇయాల బండ్లు దొరుకుతలేవమ్మా' అంటూ 7,500 దగ్గర కూర్చున్నాడు.

అసలు దెబ్బ అంతకు ముందురోజే తగిలింది. అడ్వాన్సు అడగడానికి వెళితే పాత ఇంటివారు 'గోడలకు రంగులేయించాలి, ఒక నెల అద్దె పట్టుకుంటాం. మిగతాది ఇల్లు ఖాళీ అయ్యాక నెలకు ఇస్తాం' అన్నారు. వస్తాయనుకున్న 28,000లో ఆ రోజు చేతికొచ్చింది సున్నా. కొత్తింటివారికేమో మర్నాడు సామాను దింపేలోగా అడ్వాన్సు ఇస్తామని మాటిచ్చాం. ఇంట్లో ఉన్నది 15,000.

వారం కిందట వరలక్ష్మీ వ్రతానికి వేసుకున్న గాజులు తీసి మావారి చేతిలో పెట్టాను. 30,000 వచ్చింది. నెలకు 450 వడ్డీ. ఆ రాత్రి గిన్నెలకు పాత చీరలు చుడుతూ నా బోసి చేతులు చూసుకుంటే ఏడుపొచ్చింది. అద్దె తగ్గించుకోవడానికి వెళ్తూ బంగారం తాకట్టు పెట్టడమేమిటి?

కాగితంలో లేని ఖర్చులు

కొత్తింట్లో సర్దుకున్నాక, అబ్బాయి వాడి పాడేసిన నోట్‌బుక్ తీసుకుని కూర్చున్నాను. రూపాయి రూపాయీ గుర్తుచేసుకుని రాశాను. ఇదిగో ఆ జాబితా:

ఇల్లు చూపించిన బ్రోకరుకు సగం నెల అద్దె 4,250.

ఆగస్టు నెలంతటికీ పాతింటి అద్దె కట్టాం. కొత్తిల్లు చేయి జారిపోకుండా 22 నుంచే తీసుకున్నాం. అంటే పది రోజులు రెండిళ్ల అద్దె. దానికి 2,800.

డీసీఎం 7,500. మంచాలు, పూలకుండీలు పట్టక రెండోసారి ట్రాలీ ఆటోకు 2,200.

రెండో అంతస్తు నుంచి బీరువా, ఫ్రిజ్ దించాలన్నారు. హమాలీలకు 3,000.

ఫ్యాన్లు, గీజరు, నీళ్ల ఫిల్టరు విప్పడానికి, మళ్లీ బిగించడానికి ఎలక్ట్రీషియన్‌కు, ప్లంబర్‌కు 2,000.

బల్బులు, కర్టెన్ రాడ్లు, దోమల జాలి, తాళాలు 2,600.

పొయ్యి వెలిగేదాకా మూడు రోజులు బయటి తిండి 1,900.

పాలు పొంగించడానికి, పూజకు, ఇరుగుపొరుగుకు మిఠాయికి 1,500.

ఇవన్నీ కలిపితే 27,750. రంగుల పేరుతో పోయిన 14,000 కలపండి. గాజులు సంక్రాంతికి విడిపించాం. ఐదు నెలల వడ్డీ 2,250 కూడా కలపండి. మొత్తం 44,000. మావారి కాగితంలో ఉన్నది 8,000!

అసలు లెక్క ఇదీ

నెలకు 5,500 ఆదా అని కదా మారాం. 44,000ని 5,500తో భాగించండి. ఎనిమిది వస్తుంది. అంటే 2024 సెప్టెంబరు నుంచి 2025 ఏప్రిల్ దాకా ఎనిమిది నెలలు మాకు మిగిలింది ఏమీ లేదు. మారడానికి పెట్టిన ఖర్చే తీరింది. అసలైన ఆదా తొమ్మిదో నెల నుంచి మొదలైంది.

ఇంటి ఒప్పందమేమో అందరిలాగే పదకొండు నెలలకు రాసుకున్నాం. ఏడాదికి మించిన అద్దె ఒప్పందాన్ని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టర్ చేయించాలి. ఆ ఖర్చూ తిరుగుడూ తప్పించుకోవడానికే ఈ పదకొండు నెలల ఆనవాయితీ. పదకొండు నెలలు కాగానే ఇల్లు ఖాళీ చేయాల్సి వస్తే మాకు మిగిలేది 16,500. నెలకు 1,500 అన్నమాట. ఐదున్నర వేలు అనుకున్నది ఎక్కడ, పదిహేను వందలు ఎక్కడ?

ఇందులో నా నష్టం కలపనేలేదు. నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. నెలకు 6,000 దాకా వచ్చేది. ఇల్లు మారాక మొదటి రెండు నెలలు సగానికి పడిపోయింది. మా పాత వీధి అక్కలు, వదినలు జాకెట్టు ముక్క పట్టుకుని ఇంత దూరం రారు కదా! మహాలక్ష్మి పథకం కింద 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ సిటీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం కావడం నాకు కలిసొచ్చింది. వారానికి రెండుసార్లు సాగర్ రోడ్డు బస్సెక్కి, కుట్టినవి ఇచ్చి, కొత్తవి తెచ్చుకోవడం మొదలుపెట్టాను. మెల్లగా ఇక్కడా నలుగురు అలవాటయ్యారు. కానీ ఆ పోయిన 6,000 ఎవరి కాగితంలోనూ లేదు. ఇంట్లో కుట్టుపని, ట్యూషన్లు, పచ్చళ్లు... ఏదైనా చేసుకునే ఆడవాళ్లు ఇల్లు మారే లెక్కలో తమ సంపాదన కూడా రాయాలి. మనం రాయకపోతే ఇంకెవరూ రాయరు.

మూడు గళ్లు గీయండి

ఇప్పుడు ఎవరైనా ఇల్లు మారుతున్నామంటే నేను చెప్పేది ఒకటే. లారీ కిరాయి అడిగే ముందు నోట్‌బుక్‌లో మూడు గళ్లు గీయండి. మొదటిది తిరిగి రాని డబ్బు: కిరాయి, కూలీ, బ్రోకరు, చిల్లర సామాను. రెండోది మనదే అయినా చేతిలోంచి వెళ్లేది: కొత్తింటి అడ్వాన్సు. మూడోది రావలసింది, కానీ ఎప్పుడొస్తుందో తెలియనిది: పాతింటి అడ్వాన్సు. మేం చేసిన తప్పు, ఈ మూడో గడిలోని డబ్బును చేతిలో ఉన్నట్టే లెక్కపెట్టడం. ఆ డబ్బు రాకపోయినా గడుస్తుందా అని చూసుకున్నాకే కొత్తింటికి బయానా ఇవ్వండి.

రంగుల గొడవ రాకుండా ఉండాలంటే ఇంట్లో దిగిన రోజే పని మొదలుపెట్టాలి. గోడలు, కుళాయిలు, స్విచ్చులు అన్నీ ఫోన్‌లో ఫొటోలు తీసి ఇంటివారికి పంపండి. రంగుల ఖర్చు ఎవరిదో, అడ్వాన్సు ఏ రోజు తిరిగి ఇస్తారో ఒప్పందంలో రాయించండి. కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో, వేరే ఒప్పందం లేకపోతే, గోడల సున్నం, తలుపులు కిటికీల రంగులు ఇంటి యజమాని బాధ్యత అనే ఉంది. కుళాయి వాషర్లు, స్విచ్చులు, మోరీ శుభ్రం లాంటివి అద్దెకున్నవాళ్లవి. అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదని, ఇల్లు అప్పగించేటప్పుడే తిరిగి ఇవ్వాలని కూడా ఉంది. అయితే ఆ నమూనాను రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే అమలవుతుంది. కాబట్టి మనకు దిక్కు ఒప్పంద పత్రమే. నాలుగు మాటలు ఎక్కువ రాయించుకుంటే తప్పేం లేదు.

పాలు ఒకరోజు, సామాను ఒకరోజు

మంచిరోజు చూసుకోవద్దని నేననను. ఆ రోజు దేవుడి పటం, పసుపు కుంకుమ, ఉప్పు, బియ్యం, పాలగిన్నె తీసుకుని వెళ్లి పాలు పొంగించుకుని రండి. బీరువా, మంచాలు రెండు రోజులాగి మామూలు మంగళమో బుధవారమో వెళ్లొచ్చు. ఇది మా పక్కింటి పెద్దమ్మ చెప్పిన ఉపాయం. రద్దీ లేని రోజున బండివాళ్లు బేరానికి దిగుతారు. నెల చివరి రోజులు, ఆదివారాలు వదిలేస్తే ఇంకా మంచిది.

సామాను కట్టేముందు ఇల్లంతా ఒకసారి ఏరండి. విరిగిన కుర్చీలు, పాత పేపర్లు, ఏళ్లుగా అటక దిగని డబ్బాలు పాత సామాన్లవాడికి వేస్తే నాలుగు డబ్బులొస్తాయి. అవే బండెక్కిస్తే మనమే ఎదురు కిరాయి కట్టాలి. మేం రెండో ట్రిప్పులో తెచ్చుకున్న మంచాల్లో ఒకటి ఇప్పటికీ గోడకు ఆనించే ఉంది. అట్టపెట్టెలు కొననక్కర్లేదు, కిరాణా కొట్టు వాళ్లను ముందే అడిగి పెట్టుకుంటే చాలు. గాజు సామాను పాత చీరల్లో, తువ్వాళ్లలో భద్రంగా వస్తుంది.

కొత్తింట్లో అద్దె ఒక్కటే అడగకండి. నీళ్లు ఎప్పుడొస్తాయి, ఎండాకాలం ట్యాంకరు తెప్పించాలా, మోటారు కరెంటు బిల్లు ఎవరు కడతారు, ఇవన్నీ అడగాలి. కరెంటు మీటరు మీద పాత బాకీ ఉందేమో చూసుకుని, దిగిన రోజు రీడింగ్ ఫొటో తీసుకోండి. గృహజ్యోతి ఉచిత కరెంటు వస్తున్నవాళ్లు కొత్తింటి సర్వీసు నంబరుకు మార్పించుకోవాలి. గ్యాస్ ఏజెన్సీకి ముందే చెప్పి బదిలీ కాగితాలు తీసుకోండి. ఓటు మార్చుకోవడానికి ఫారం 8 ఇవ్వాలి.

ఆదాకో పేరు పెట్టండి

అద్దె తగ్గిన డబ్బు ఇంటి ఖర్చుల్లో కలిసిపోతే ఎటు పోయిందో కనిపించదు. గాజులు విడిపించేదాకా ప్రతి నెలా ఒకటో తేదీన ఆ 5,500 విడిగా కవరులో పెట్టి, దాని మీద 'గాజులు' అని రాశాను. పాతింటివారు ఇచ్చిన మిగతా 14,000 కూడా అందులోకే చేరింది. గాజులు చేతికొచ్చాక కవరు పేరు మారింది. ఇప్పుడు నెలకు 1,500 బ్యాంకులో ఆర్‌డీ కడుతున్నాం, మళ్లీ ఇల్లు మారాల్సి వస్తే దానికోసం. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకు ఆ రోజు ఎప్పుడో ఒకప్పుడు రాక తప్పదు కదా!

2025 జూలైలో ఒప్పందం ముగిసింది. ఇంటివారు 500 పెంచుతామన్నారు. మావారు కాస్త చిరాకు పడి, 'అవతలి వీధిలో వెయ్యి తక్కువకు ఇల్లుందట, మారిపోదామా?' అన్నారు.

నేనేం మాట్లాడలేదు. ఆ నోట్‌బుక్ తెచ్చి ఆయన ముందు పెట్టాను. ఆయన ఓసారి అంకెలు చూశారు, ఓసారి నా చేతుల వైపు చూశారు.

'ఐదొందలే కదా, ఇచ్చేద్దాంలే' అన్నారు.