అశ్వహృదయం

నలోపాఖ్యానం విన్నవారికి గుర్తుండే ఉంటుంది: బాహుకుడి వేషంలో ఉన్న నలమహారాజు ఋతుపర్ణుడికి అశ్వహృదయమనే విద్యనిచ్చి, బదులుగా అక్షహృదయం నేర్చుకున్నాడు. గుర్రం మనసెరిగి నడిపే ఆ విద్య ఎలాంటిదో గాని, ఈనాటి పశువైద్యులు అక్షరాలా గుర్రం గుండెనే లెక్కపెడుతున్నారు.

గుర్రం పులికీ తోడేలుకూ ఆహారమయ్యే జాతి. బెదురు పుడితే పారిపోవడం దాని స్వభావం. కళ్లెం బిగించి ఆపితే కదలకుండా నిలబడవచ్చు, కాని లోపలి దడ ఆగదు. పైచూపుకు అది తెలియదు.

విశ్రాంతిగా ఉన్న పెద్ద గుర్రం గుండె నిమిషానికి సుమారు 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది. మన గుండెకన్న నిదానమన్నమాట! పందెపు పరుగులో అదే 200 దాటుతుంది. దవడ ఎముక కింద వేళ్లు ఆనిస్తే నాడి దొరుకుతుంది. కాని కొత్త చెయ్యి తగలగానే బెదిరే గుర్రం దగ్గర లెక్క ఎక్కువే వస్తుంది. అందుకని వెంట్రుకలు తడిపి, రెండు ఎలక్ట్రోడులున్న పట్టీని ఛాతీకి చుట్టి, దూరం నుంచే గడియారంలాంటి యంత్రంలో చూస్తారు. దూరప్రయాణ పందేలలో ప్రతి మజిలీలోనూ వైద్యులు నాడి చూస్తారు. నిర్ణీత వ్యవధిలో అది సాధారణంగా 64కు దిగాలి. దిగకపోతే ఆ గుర్రానికి పందెం అక్కడితో సరి.

పరుగెత్తినా గుండె వేగం పెరుగుతుంది, భయపడినా పెరుగుతుంది. దాణా బుట్ట కనిపించినా పెరగవచ్చు! అందుచేత పరిశోధకులు దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడాన్ని కూడా కొలుస్తారు. మనసు కుదుటగా ఉన్నప్పుడు ఆ ఎడం కాస్త హెచ్చుతగ్గులతో ఉంటుంది, ఒత్తిడి పెరిగితే గడియారపు టిక్కుల్లా సమానమవుతుంది. వినడానికి తలకిందులుగా ఉన్నా సంగతి అదే. ఇందులో ఇంకో చిక్కుంది. ఆరోగ్యమైన గుర్రం గుండె విశ్రాంతిలో అప్పుడప్పుడు ఒక దెబ్బ వదిలేస్తుంది. యంత్రం దాన్ని పొరపాటుగా లెక్కిస్తే ఫలితమంతా తారుమారు.

స్వీడన్ పరిశోధకులు 2009లో ప్రకటించిన ప్రయోగం నాకు అన్నిటికన్న నచ్చింది. మనుషుల చేత గుర్రాలను 30 మీటర్ల దూరం నాలుగుసార్లు నడిపించారు. నాలుగోసారికి ముందు “ఈసారి గుర్రం పక్కన గొడుగు తెరుస్తాం” అని వాళ్లకు చెప్పారు. గొడుగు తెరవనేలేదు. అయినా మనిషి గుండె వేగం పెరిగింది, ఏమీ తెలియని గుర్రం గుండె వేగం కూడా పెరిగింది!

మన పెళ్లి ఊరేగింపుల్లో బ్యాండు మేళం, టపాకాయల నడుమ వరుణ్ణి మోస్తూ నిలబడ్డ గుర్రాన్ని చూసి “ఎంత సాధువో” అంటాం. ఒక్కసారి దానికి ఆ పట్టీ కట్టి చూస్తే బాగుండును. కళ్లెం పట్టినవాడు కంగారుపడుతుంటే సరేసరి.

దడ తగ్గించే ఉపాయమూ ఒకటి తేలింది. ఫ్రాన్సు దక్షిణాన కమార్గ్ గుర్రాల మీద 1993లో వెలువడిన పరిశోధన ప్రకారం, గుర్రాలు ఒకదాన్నొకటి గోక్కునే చోట, అంటే మెడ మొదట్లో మూపు దగ్గర, మనిషి గోకినా గుండె వేగం తగ్గింది. వేరేచోట గోకితే తగ్గలేదు.